వామనగుంటల్లో వరహాలు: పిల్లలకు నిధి దొరికాక మాకు గడిచిన పదిహేడు నెలలు

సంగతి తెలిసిన ప్రతి ఒక్కరూ నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. ఎంత వచ్చింది? గమ్మున దాచుకోక ఎందుకు చెప్పారు? రెండింటికీ జవాబు కింద ఉంది. ఊరి పేరు మాత్రం రాయను. పత్తికొండ, తుగ్గలి, జొన్నగిరి వైపు ఒక ఊరు, అంతే. పేరు రాస్తే రేపు పొద్దున్నే మా చిన్నాయన చేలో మళ్ళీ గడ్డపారలు దిగుతాయి.

మా వైపు తొలకరి పడిందంటే జనం వజ్రాల కోసం చేలల్లో తల వంచుకుని నడుస్తారు. పక్క జిల్లాల నుంచి కూడా వచ్చి చెట్ల కింద వండుకుని తింటూ వెతుకుతారు. మా పిల్లలు కూడా ఆ పని మీదే వెళ్ళారు. 2024 జూన్ 9, ఆదివారం. ముందు రెండు రాత్రులు వాన బాగా కురిసింది. సెలవులకు పుట్టింట్లో ఉన్న మా చిన్నోడిని (పదకొండేళ్ళు) కర్నూలు తీసుకుపోదామని నేను వచ్చాను. వాడు, మా అన్న కూతురు (ఏడేళ్ళు), పక్కింటి పిల్లాడు చద్దన్నం తిని వంక వైపు పోయారు.

పదకొండు దాటాక అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతున్నాను. పాప వామనగుంటల పీట ముందేసుకుని ఒక్కతే ఆడుకుంటోంది. చింతపిక్కలు గుంటలో పడితే టకటకమంటాయి. ఇది అలా లేదు. బరువుగా, చెంచా కింద పడినట్టు ఉంది చప్పుడు. తలెత్తి చూశాను. గుంటల్లో చొక్కా గుండీలంత పచ్చటి బిళ్ళలు. పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదు. మొత్తం డెబ్బై కావాలి కాబట్టి తక్కువైన తొమ్మిదింటికి చింతపిక్కలు కలిపి పెట్టుకుంది.

"ఏందిమే ఇవి, యాడివి?"

"వంకలో ఉండె అత్తా. గుండీలు. ఇదిగో దీని మీద రెండు తలల కోడి ఉంది, చూడు."

అది నిజంగా రెండు తలల పక్షే. గండభేరుండం అంటారని తర్వాత తెలిసింది. ముక్కులతోనూ గోళ్ళతోనూ ఏనుగులను పట్టుకుని ఉంటుంది. ఇంకోదాని మీద బొద్దుగా ఒక పిల్లాడు కూర్చుని ఉన్నాడు. వెనక మూడు వరుసల్లో నాగరి అక్షరాలు. నా చేతిలో చేట వణికింది.

జరిగింది ఇదీ. వానకు వంక ఒడ్డు విరిగింది. మట్టిలోంచి ఒక ముంత మూతి బయటికి కనపడింది, పైన బండ ముక్క. చిన్నోడు కట్టెతో పొడిస్తే ముంత పగిలింది. లోపల మట్టిముద్దలో ఇవి. నిక్కరు జేబుల్లో వేసుకొచ్చారు. వజ్రం దొరకలేదన్న బాధలో వీటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదట!

మా అవ్వ చూసింది. తొంభైకి దగ్గర పడింది ఆమెకు. "వరహాలు" అంది, అంతే. పిడికెడు చింతపండు తెచ్చి, బూడిద కలిపి తోమడం మొదలుపెట్టింది. నేను ఆపేలోపు ఇరవై దాకా తళతళలాడుతున్నాయి. మీరు మాత్రం ఆ పని చేయకండి. మట్టి కూడా అలాగే ఉండనివ్వండి. దాని వల్ల మేం పడ్డ మాటలు తర్వాత చెబుతాను.

ఆ గంటసేపు ఇంట్లో జరిగింది దాచకుండా రాస్తాను. తలుపు వేసుకున్నాం. అన్న "ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు. పెద్ద కొడుకు చదువు, మిర్చి పంటలో నష్టం, అప్పులు, అన్నీ వాడి కళ్ళలో కనపడ్డాయి. తెలిసిన ఆచారి ఉన్నాడు, కరిగిస్తే పేరు లేని బంగారమే అన్నాడు. నాకూ ఆశ పుట్టలేదంటే అబద్ధం. ఫోన్‌లో బంగారం రేటు చూశాను, గ్రాము ఏడు వేల పైన ఉంది. నాయన మాత్రం ఒక్కటే మాట అన్నాడు: "పిల్లోళ్ళ నోరు ఎట్ల కుడతావురా?" అప్పటికే పక్కింటి పిల్లాడు వాళ్ళింటికి పోయి అరగంట అయింది.

పన్నెండున్నరకు నేనే వీఆర్వోకు ఫోన్ చేశాను. చేసే ముందు ఇంట్లో ఒక పని చేశాం, అదే మమ్మల్ని కాపాడింది. తెల్ల పంచె పరిచి, పదేసి చొప్పున పేర్చి, ఫోన్‌తో రెండు వైపులా ఫోటోలు, వీడియో తీశాను. అరవై ఒకటి. పెద్దవి ముప్పై ఎనిమిది, చిన్నవి ఇరవై మూడు.

వీఆర్వో మూడింటికి వచ్చాడు. తహసీల్దారు, పోలీసులు ఆరున్నరకు. వాళ్ళ కంటే ముందే ఊరు వచ్చింది. "లంకె బిందెలు దొరికినాయంట" అని మొదలై, సాయంత్రానికి అది ఐదు కిలోల బంగారం అయింది. చిన్నాయన చేలో రెండు వందల మంది, చేతుల్లో పారలు, గడ్డపారలు. ఎవరో బీప్ బీప్‌మనే మిషన్ కూడా తెచ్చారు. శెనక్కాయ విత్తడానికి దున్ని పెట్టిన నేల అది. పొద్దుగూకేసరికి గుంతలు గుంతలు.

పంచనామా రాత్రి తొమ్మిది నలభైకి ముగిసింది. మండలం నుంచి తెచ్చిన ఆచారి తూకం వేశాడు: 166 గ్రాముల 900 మిల్లీగ్రాములు. పెద్దది ఒక్కోటి మూడున్నర గ్రాములకు కొంచెం తక్కువ, చిన్నది అందులో సగం. గుడ్డ సంచిలో కట్టి లక్క సీలు వేశారు. సీలు మీద మా నాయన వేలిముద్ర, నా సంతకం. ఆ రాత్రి సంచి స్టేషన్‌లో ఉంది, మర్నాడు ట్రెజరీకి పోయింది. పంచనామా కాపీ వాళ్ళంతట వాళ్ళు ఇవ్వలేదు. అడిగితే "రేపు రండమ్మా" అన్నారు. రేపు అంటే ఏమిటో ప్రైవేటు స్కూల్లో పన్నెండేళ్ళు పనిచేసిన నాకు తెలుసు. జీపు ముందు నిలబడి అడిగితే వీఆర్వో కార్బన్ కాపీ చించి ఇచ్చాడు.

జూన్ 11న కలెక్టర్ పేరున తెల్లకాగితం మీద అర్జీ రాసి, ఒకటి చేతికిచ్చి ముద్ర వేయించుకున్నాను, ఒకటి రిజిస్టర్ పోస్టులో పంపాను. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ (నేలలో దొరికిన నిధుల) చట్టం ప్రకారం ఇది దొరికినవాళ్ళే చేయాలి. విలువ పది రూపాయలు దాటితే చాలు, చెప్పి తీరాలి. ఆ పది రూపాయలు ఇప్పటికీ చట్టంలో అలాగే ఉంది! చెప్పకపోతే వాటా పోవడమే కాదు, ఏడాది దాకా జైలు కూడా. ఇదంతా నాకు చెప్పింది కర్నూల్లో మా ఇంటి ఓనరు గారి అల్లుడు, లాయరు. మొదటిసారి డబ్బు తీసుకోలేదు. తర్వాత తీసుకున్నాడు లెండి.

ఆ నెలంతా పిల్లలను మూడుసార్లు అడిగారు. ఒకసారి వీఆర్వో, ఒకసారి పోలీసులు, ఒకసారి తహసీల్దారు ఆఫీసులో. ప్రతిసారీ అవే ప్రశ్నలు. ఎవరు ముందు చూశారు, ఎన్ని తీశారు, ఇంకా దాచారా. గదమాయించలేదు కానీ, పదకొండేళ్ళ పిల్లాడికి ఖాకీ బట్టలాయన ముందుకు వంగి "నిజం చెప్పు నాన్నా" అంటే గదమాయించినట్టే. ఆ వారం వాడు రెండు రాత్రులు పక్క తడిపాడు. మూడోసారి వెళ్ళినప్పుడు నేను పక్కనే కూర్చుంటానని పట్టుబట్టాను. ఒప్పుకున్నారు. మొదటిసారే అడిగి ఉండాల్సింది.

అంతకంటే భయపడింది ఇంకోదానికి. జూన్ ఆఖరులో ఒక మనిషి ఇంటికొచ్చాడు. తెల్లబట్టలు, చేతిలో తాయెత్తుల సంచి. మంచినీళ్ళు అడిగి, తాగి, మెల్లగా "మీ వాడు పుట్టినప్పుడు కాళ్ళు ముందు వచ్చినాయా అమ్మా?" అన్నాడు. మా వైపు కాళ్ళతో పుట్టిన పిల్లలకు అంజనం వేస్తే నేల కింద సొమ్ము కనపడుతుందని ఒక నమ్మకం ఉంది. గుప్తనిధుల పేరుతో ఏమేం జరుగుతాయో పేపర్లో చదివే ఉంటారు. నా ఒళ్ళు చల్లబడింది. నాయన కర్ర తీసుకునేలోపు ఆ మనిషి వెళ్ళిపోయాడు. మర్నాడే చిన్నోడితో కర్నూలు వచ్చేశాను. మూడు నెలలు స్కూల్ ఆటో మాన్పించి నేనే దించి, నేనే తెచ్చుకున్నాను. విలేకరులకు పిల్లల ఫోటోలు ఇవ్వకండి. మేం ఇవ్వలేదు, కానీ ఊళ్ళో ఎవరో ఇచ్చారు.

పురావస్తు శాఖ ఆయన జూన్ 28న వచ్చాడు. నాణేలు అప్పటికే ట్రెజరీలో చూసి వచ్చాడు. ఇంట్లో అడుగు పెట్టగానే "ముంత పెంకులు ఎక్కడ?" అన్నాడు. మేం ముఖాలు చూసుకున్నాం. పిల్లలు జేబుల్లో తెచ్చిన రెండు పెంకులను వదిన ఊడ్చి దిబ్బలో పోసింది. ఆయన ప్యాంటు మడుచుకుని దిబ్బ ఎక్కాడు! రెండూ దొరికాయి. మిగతావి వంకలో తవ్విన జనం కాళ్ళ కింద పొడి అయిపోయాయి. చింతపండు సంగతి విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అవ్వ దగ్గర కూర్చుని, బంగారానికి చిలుము పట్టదు జేజీ, బూడిదతో రుద్దితే అక్షరాలకు గీతలు పడతాయి, లోపలి మట్టిని బట్టే ఎప్పుడు పాతారో కొంత తెలిసేది అని విడమరిచి చెప్పాడు. అవ్వ అంతా విని "మరి మురికిగా ఉంటే సర్కారోళ్ళకు ఎట్ల ఇచ్చేది?" అంది.

ఆయన చెప్పినవి నాకు బాగా గుర్తున్నాయి. వెన్నముద్ద పట్టుకుని కూర్చున్న పిల్లాడు బాలకృష్ణుడు, కృష్ణదేవరాయల వరహా. రెండు తలల పక్షి ఉన్న చిన్నవి అచ్యుతదేవరాయల అరవరహాలు. అంటే దాదాపు ఐదు వందల ఏళ్ళు. పిల్లలకు ఇలా దొరకడం కొత్తేం కాదని ఇంకో కథ చెప్పాడు. 1946లో రాజస్థాన్‌లో బయానా దగ్గర, భరత్‌పూర్ మహారాజు వేటాడి వెళ్ళాక ఊరి పిల్లలు ఖాళీ తూటాలు ఏరుకోవడానికి పోతే, నేలలో రాగి పాత్ర తగిలిందట. అందులో గుప్తుల కాలం బంగారు నాణేలు. కొన్నిటిని ఊళ్ళో కరిగించేసుకున్నారు, 1821 మిగిలాయి. "ఆ కరిగినవాటి మీద ఏముందో ఇంక ఎవరికీ తెలీదమ్మా" అన్నాడు. అన్న అప్పుడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తల దించుకున్నాడు.

జూలై 2 రాత్రి అన్న దగ్గర్నుంచి ఫోన్. పక్కింటామె పిల్లాడిని రెక్క పట్టుకుని మా ఇంటికొచ్చి ఏడుస్తోందట. వాడి జామెట్రీ బాక్సులో మూడు అరవరహాలు. కంపాస్ కింద, కాగితంలో చుట్టి పెట్టాడు. "రెండు తలల కోడి బాగుందని" అన్నాడట. పంచనామాలో అరవై ఒకటి అని రాసి సంతకాలు పెట్టాం కదా, ఇప్పుడు దాచారంటే? ఏడాది జైలు అన్న మాట నా చెవుల్లో గింగురుమంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. వాళ్ళ నాయన పిల్లాడిని కొట్టాడు కూడా. పొద్దున్నే మొదటి బస్సుకు బయలుదేరి నేను, అన్న, ఆమె, పిల్లాడు తహసీల్దారు దగ్గరికి పోయాం. నేను తీసిన వీడియో చూపించాను. అందులో కూడా అరవై ఒకటే ఉన్నాయి కాబట్టి, మేం మధ్యలో తీయలేదని తేలింది. ఆయన మూడు నాణేలనూ బల్ల మీద పెట్టి చాలాసేపు చూసి, పిల్లాడితో "నాకూ చిన్నప్పుడు బాక్సులో చాలా ఉండేవిలే" అన్నాడు. అదనపు పంచనామా రాశారు. అరవై నాలుగు. మొత్తం బరువు 172 గ్రాములు.

నోటీసు జూలై 24న వచ్చింది. పంచాయతీ ఆఫీసు గోడకు అంటించి, దండోరా వేశారు. సొమ్ము మాదే అనేవాళ్ళు ఎవరైనా ఉంటే ఫలానా తేదీన రావాలని. ఆ తేదీ నోటీసు వేసిన నాలుగు నెలల లోపు ఉండకూడదు, ఆరు నెలలు దాటకూడదు. మాకు డిసెంబరు 12 పడింది.

ఈ మధ్యలో నేల గొడవ. ముంత దొరికింది వంక పోరంబోకులోనా, చిన్నాయన పట్టా భూమిలోనా? పోరంబోకు అయితే భూ యజమాని ప్రభుత్వం. ఆగస్టు 21న సర్వేయర్ రోవర్ (జీపీఎస్‌తో హద్దులు కొలిచే మిషన్) తెచ్చి కొలిచాడు. చిన్నోడిని మళ్ళీ పిలిపించారు, చెయ్యి పెట్టి చూపించమని. ఒడ్డు అప్పటికి సగం కొట్టుకుపోయింది. అదృష్టం కొద్దీ మొదటి రోజు వీఆర్వో ఒక వేపచెట్టు నుంచి అడుగులు లెక్కపెట్టి రాసుకున్నాడు. హద్దుకు గజం లోపల, చిన్నాయన భూమిలోనే అని తేలింది.

అక్కడ మొదలైంది అసలు బాధ. చిన్నాయన "నా చేను, నా సొమ్ము, పిల్లోళ్ళకు పది వేలు ఇస్తా" అన్నాడు. చట్టంలో తిరగేసి ఉంది. ముందే ఒప్పందం లేకపోతే దొరికినవాళ్ళకు ముప్పాతిక, భూమి యజమానికి పాతిక. ఆ మాట లాయరు నోటి నుంచి విన్న రోజు నుంచి ఆయన మా నాయనతో మాట్లాడలేదు. చిన్నమ్మ రోజూ పంపే మజ్జిగ ఆగిపోయింది. రెండిళ్ళ మధ్య ఒక గోడే అడ్డం. దసరాకు, సంక్రాంతికి కూడా ఆ గోడ ఇవతల మేం, అవతల వాళ్ళు. నిజం చెప్పాలంటే ఆయన కోపంలో అర్థం లేకపోలేదు. జనం తొక్కిన నేలలో ఆ ఏడు ఆయన విత్తనమే వేయలేకపోయాడు. దానికి నష్టపరిహారం ఎవరూ ఇవ్వలేదు.

డిసెంబరు 12న పోతే అధికారి మీటింగ్‌లో ఉన్నారని జనవరి 9కి వాయిదా. ఆ రోజు ఇద్దరు వచ్చారు. ఒకాయన స్టాంపు కాగితం మీద వంశవృక్షం గీయించి తెచ్చాడు. ఇంకొకరు గుడి సొమ్మని. అధికారి అడిగినవి మూడే. ఎవరు పాతారు, ఎప్పుడు పాతారు, ఎన్ని పాతారు. వంశవృక్షం ఆయన "బిందెడు" అన్నాడు. మా ముంతలో పావుశేరు బియ్యం కూడా పట్టవు.

యజమాని లేని సొమ్ము అని ఉత్తర్వు 2025 మార్చి 27న వచ్చింది. మ్యూజియం కోసం ప్రభుత్వమే తీసుకుంటుందన్న ఉత్తర్వుకు ఆగస్టు అయింది. అలా తీసుకుంటే లోహం విలువ, దాని మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలి. మా కాగితంలో మార్చి నాటి రేటు, టచ్ (బంగారం స్వచ్ఛతలో తేడా) తీసేసి గ్రాము 8,000 కట్టారు. 172 గ్రాములకు 13,76,000. ఐదో వంతు 2,75,200. మొత్తం 16,51,200. ఈలోపు బయట బంగారం ఎక్కడికి పోయిందో మీకు తెలుసు. అన్న రోజూ పేపర్లో రేటు చూసి నిట్టూరుస్తాడు. పాత నాణేలుగా వేలంలో ఇంకా ఎక్కువ పలుకుతాయని చెప్పేవాళ్ళకు కొదవలేదు. చట్టం లోహం ధరే చూస్తుంది.

వాటాల రోజు అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. చిన్నాయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. గుమాస్తా కాగితం మీద గీత గీసి చెప్పాడు: ముప్పాతిక ముగ్గురు పిల్లలకు, అంటే తలా పాతిక. మిగిలిన పాతిక భూమికి. నాలుగూ సమానమే, ఒక్కొక్కరికి 4,12,800. ఏడాదిగా పోట్లాడుకుంటున్నాం, ఈ లెక్క మాలో ఒక్కరికీ తట్టలేదు! చిన్నాయన కాగితం అందుకుని రెండుసార్లు చూశాడు. "అంటే నేను నాలుగో పిల్లోన్ని" అన్నాడు. ముందు నవ్వింది చిన్నమ్మ. మర్నాడు పొద్దున గోడ మీద నుంచి మజ్జిగ చెంబు వచ్చింది.

మాకైన ఖర్చు: లాయరుకు 8,000, అఫిడవిట్లు, జిరాక్సులు, గార్డియన్ కాగితాలకు 3,500 దాకా, ప్రయాణాలు, నా జీతం కోతలు కలిపి ఇంకో 12,000. మొత్తం పంతొమ్మిది సార్లు తిరిగాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయింది కాబట్టి చివరి మూడు ట్రిప్పులకు టికెట్ డబ్బులు మిగిలాయి.

డబ్బు పిల్లల పేరునే పడుతుంది, మైనర్ ఖాతాలు తెరవమన్నారు. తెరిచాం. నవంబరు మొదటి వారంలో వస్తుందన్నారు. నిన్న ఫోన్ వచ్చింది. చిన్నోడి ఇంటిపేరు ఆధార్‌లో ఒకలా, పాసుపుస్తకంలో ఒకలా ఉందట, ఒక దీర్ఘం తేడా. సరిచేయించుకుని సోమవారం రమ్మన్నారు. పాప కూడా వస్తానంటోంది, తన రెండు తలల కోడిని ఒకసారి చూపిస్తారా అని అడగాలట.